వేషంలో దేవుడు

దేవుడి వేషం కట్టిన మనిషి ఫోటోకు దండం పెడితే ఆ దండం ఎవరికి చెందుతుంది? హిందూపురం నియోజకవర్గంలో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. 1985, 1989, 1994 ఎన్నికల్లో ఇక్కడివాళ్లు శాసనసభకు పంపింది నందమూరి తారక రామారావును. అప్పటికే ఆయన ముఖం తెలుగు ఇళ్ల గోడల మీద కృష్ణుడి ముఖమై, రాముడి ముఖమై స్థిరపడింది.

1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఆయన కృష్ణుడి స్టిల్స్‌తో విషయం మొదలుపెట్టవచ్చు. కిరీటంలో నెమలిపింఛం, మెడనిండా హారాలు, పెదవి దాటని చిరునవ్వు. అది నలుపు తెలుపు సినిమా. నీలమేఘశ్యాముడి నీలం తెర మీద లేనే లేదు. ఆ రంగు చూసేవాళ్ల మనసులోంచి వచ్చింది. 2010లో సినిమాకు రంగులద్దినప్పుడు జనం అంతకుముందే చూసేసిన నీలమే తెర మీదికి చేరింది. భక్తి కూడా అలాగే పనిచేసింది. తిరుపతి వెళ్లివచ్చే యాత్రికులు మద్రాసులో ఆయన ఇంటి ముందు దర్శనానికి ఆగేవారు.

దీన్ని అమాయకత్వమని కొట్టిపారేయడం తొందరపాటు. ‘భూకైలాస్’ (1958), ‘సీతారామ కళ్యాణం’ (1961) సినిమాల్లో రావణుడూ ఆయనే. ‘దానవీరశూరకర్ణ’ (1977)లో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ ఆయనే. దండం ముఖానికే అయితే దుర్యోధనుడికీ దక్కాలి కదా!

ఈ చిక్కుకు శంకరాచార్యుల దగ్గర గట్టి సమాధానం ఉంది. బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయంలో ప్రతీకోపాసన చర్చ వస్తుంది. సూర్యుణ్ని బ్రహ్మమని భావించాలా, బ్రహ్మాన్ని సూర్యుడని భావించాలా అన్నది ప్రశ్న. తక్కువదానిలో ఎక్కువదాన్ని చూడాలన్నది భాష్యకారుల తీర్పు. సారథిని రాజుగా భావించి మర్యాద చేస్తే మేలు. రాజును సారథిగా చూస్తే అది అవమానం. నటుడిలో కృష్ణుణ్ని చూడడం మొదటి దారి. ఆ నటుడి ముఖం లేకుండా కృష్ణుణ్ని ఊహించలేకపోవడం రెండోది. తప్పు జరిగేది అక్కడే.

ఆ తప్పుకు ఫోటో ఎక్కువ చోటిస్తుంది. వినాయక చవితి మట్టి బొమ్మకు ఆవాహన ఉంది, ఉద్వాసన ఉంది. ఆ తర్వాత అది మళ్లీ మట్టే. పూనకం వచ్చిన మనిషి కాసేపటికి మామూలు మనిషవుతాడు. నాటకంలో రాముడు తెల్లవారేసరికి రంగు కడుక్కుంటాడు. ఫోటోలో వేషం మాత్రం ఎప్పటికీ దిగదు.

లేపాక్షి చిత్రకారులు ఇంకో పద్ధతి ఎంచుకున్నారు. పదహారో శతాబ్దపు వీరభద్రాలయం కప్పు మీద, ఆలయం కట్టించిన విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ పొడుగాటి కుళ్లాయిలతో పరివారంతో సహా కనిపిస్తారు. చుట్టూ దేవతలున్నా వాళ్లు దేవుడి వేషం వేసుకోలేదు. భక్తులుగానే నిలబడ్డారు.

ఆఫ్రికా కళాకారులు కొందరు వేషం గురించిన ఇదే ప్రశ్నను కెమెరా ముందు తేల్చుకున్నారు. కామెరూన్‌లో పుట్టిన శామ్యూల్ ఫోసో 2008 నాటి ‘ఆఫ్రికన్ స్పిరిట్స్’లో మార్టిన్ లూథర్ కింగ్, మాల్కమ్ ఎక్స్ వంటివారి వేషాలు తానే కట్టాడు. సెనెగల్‌కు చెందిన ఒమర్ విక్టర్ డియోప్ 2014లో అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపిన హబ్షీ మాలిక్ అంబర్‌గా నిలబడ్డాడు. ఆ ఫోటోల వరుసలో అక్కడక్కడా ఫుట్‌బాల్ ఆట సామగ్రి కనిపిస్తుంది. వేషం వేషమేనని చూసేవాళ్లకు గుర్తుచేయడానికి అదొక్కటి చాలు. యొరుబా పూజారుల వంశంలో పుట్టిన రోతిమి ఫాని-కయోడే మాత్రం దేవత ఒంటిమీదికి వచ్చే క్షణాన్నే ఫోటోలో పట్టుకోవాలని చూశాడు. మన పూనకానికి అది చాలా దగ్గర.

ఇక ఓటు సంగతి. దేవుడి ముఖమే ఓట్లు తెచ్చిందన్న మాట తరచూ వినబడుతుంది. 1989లో రామారావు హిందూపురంతో పాటు కల్వకుర్తిలోనూ పోటీ చేశారు. హిందూపురంలో గెలిచి, కల్వకుర్తిలో ఓడిపోయారు. రెండు చోట్లా జనం ఎరిగిన కృష్ణుడు ఒక్కడే. పెట్టెలో ఓటు వేసేటప్పుడు వాళ్లు తూకం వేసింది మనిషినే.