‘లేదా’కు అర్హత ఎవరికి?

సర్వర్ల నిర్వహణ నా వృత్తి, వేదవిధుల అర్థం తేల్చే మీమాంస నాకు ఇష్టమైన శాస్త్రం. షెల్ స్క్రిప్టులో, అంటే కంప్యూటరుకు వరుసగా రాసిచ్చే ఆదేశాల్లో, షరతులు జోడించే ప్రతిసారీ మీమాంసకులు అడిగిన ప్రశ్నే నాకు ఎదురవుతుంది: ప్రత్యామ్నాయాన్ని ఆశ్రయించే హక్కు ఎవరికి, ఎప్పుడు?

1979లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన బోర్న్ షెల్ గానీ, తర్వాతి బాష్ గానీ ‘ఇఫ్’ పక్కన రాసిన ఆదేశాన్ని నడిపి చూస్తాయి. సున్నా తిరిగొస్తే సఫలం, మరే అంకె వచ్చినా విఫలం. మాట నిజమా అని కాదు, పని జరిగిందా అనే అక్కడ లెక్క. && పెడితే మొదటిది సఫలమైతేనే రెండోది నడుస్తుంది, || పెడితే మొదటిది విఫలమైతేనే.

కొత్తగా చేరినవాళ్లు తరచుగా ఇలా రాస్తారు: కాపీ && తుడుపు || హెచ్చరిక. కాపీ అయితే పాత ఫైలు తుడిచెయ్యి, కాకపోతే నాకు చెప్పు అని వాళ్ల ఉద్దేశం. కానీ షెల్‌లో ఈ రెండు గుర్తులకూ సమాన ప్రాధాన్యం, ఎడమ నుంచి కుడికి నడక. కాపీ చక్కగా పూర్తయి తుడుపు దగ్గర ఆగినా హెచ్చరిక మోగుతుంది. కాపీ కానప్పుడు మాత్రమే రావలసింది, అయినప్పుడు కూడా వచ్చేస్తుంది. అందుకే ‘ఇఫ్, దెన్, ఎల్స్’ అని విడదీసి రాయమంటాను. అప్పుడు ఎల్స్‌లోకి వెళ్లే దారి ఒక్కటే ఉంటుంది.

మీమాంసకుల జైమిని సంప్రదాయం ఇలాంటి తేడాలను ఎంతో శ్రద్ధగా పట్టుకుంది. రెండూ చేయాల్సిందే అంటే సముచ్చయం. వడ్లతో గానీ యవలతో గానీ యాగం చేయవచ్చంటే వికల్పం, అక్కడ రెండూ సమానం. వడ్లు దొరకనప్పుడు వాటిని పోలిన నీవారధాన్యం వాడితే అది ప్రతినిధి. ప్రతినిధి వికల్పం కాదు. అసలుది లేదు కాబట్టే దానికి చోటు. అసలుది దొరికితే దాన్నే వాడాలి. ముఖ్యవిధిని పాటించగలిగి కూడా ఆపద్ధర్మంతో సరిపెట్టుకునేవాడికి పరలోక ఫలం లేదని మనుస్మృతి పదకొండో అధ్యాయం తేల్చి చెబుతుంది.

మన ఇళ్లలో పూజ చూడండి. వస్త్రం సమర్పించే వేళ వస్త్రం లేకపోతే దాని బదులు రెండు అక్షతలు వేస్తాం. ఆభరణం లేకపోయినా అంతే. లేనివాడి పూజ ఆగకూడదన్న ఆ ఔదార్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ అది లేమికి ఇచ్చిన సడలింపు. బీరువాలో కొత్త పంచె పెట్టుకుని తీయడానికి బద్ధకించినవాడికి ఇచ్చింది కాదు.

తల్లిదండ్రుల సంగతీ ఇంతే. దుబాయ్‌లో ఉన్న కొడుకు నెలనెలా డబ్బు పంపి మనిషిని కుదిర్చితే అది ధర్మమే. పక్క వీధిలో ఉంటూ, ఒంట్లో ఓపిక ఉండి, విసుగొచ్చి అదే పని చేస్తే? ‘దగ్గరుంటే && సేవ చేస్తాను || డబ్బిస్తాను’ అని మనసు ఒకే వరుసలో రాసుకుంది. సేవ దగ్గర తప్పిపోయినవాడు దూరంగా ఉన్నవాడి సడలింపులోకి జారుకున్నాడు.

మరి దగ్గరుండీ చేయలేనివాడో? జబ్బుపడ్డవాడు, అలసి సొమ్మసిల్లినవాడు? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. బాష్‌లో విఫలమైన ఆదేశం ఊరికే విఫలం కాదు, కారణాన్ని అంకెగా చెబుతుంది. 127 అంటే ఆదేశమే దొరకలేదు. 126 అంటే దొరికింది గానీ నడిపే వీలు లేదు. || ఆ అంకెను చదవదు, సున్నా కాకపోతే చాలు దానికి. మనిషి చదవగలడు. చేయలేకపోవడం వేరు, చేయకపోవడం వేరు. మొదటిదానికి శాస్త్రం దారి విడిచింది, రెండోదానికి విడవలేదు. బయటివాళ్లకు ఈ తేడా కనిపించదు, కాబట్టి పక్కింటివాణ్ణి తీర్పు తీర్చడానికి ఇది పనికిరాదు. మన లోపలి లెక్కకే పనికొస్తుంది.

సడలింపులు తీసేయమని నేననను. అవి లేకపోతే ధర్మం బలవంతుల సొత్తవుతుంది. ఈసారి మీరు ‘పోనీ, బదులుగా ఇది చేద్దాం’ అనుకున్నప్పుడు అసలు పని ఎందుకు ఆగిందో నిజాయితీగా చూసుకోండి. వీలుకాక ఆగితే నిశ్చింతగా అక్షతలు వేయండి. వీలుండి ఆగితే లేచి బీరువా తెరవండి.