వచనము - వివేకము

ఏ గ్రంథమునైనను దైవవాక్యమని శిరసావహించువానికి ఒక ప్రశ్న తప్పదు: ఈ వచనమునకు నేను చెప్పుకొనుచున్న యర్థము ఈశ్వరునిదా, నా కోరికదా? క్రైస్తవ గ్రంథమును గౌరవముతో పఠించిన బ్రాహ్మసామాజికులకు ఈ ప్రశ్న తొలినాటినుండియు కలదు. రాజా రామమోహనరాయలు 1820 లో ఏసుని నీతిబోధలను సువార్తలనుండి యేరి, అద్భుతకథలను విడిచి ప్రకటింపగా, శ్రీరాంపురపు మిషనరీ జాషువా మార్ష్‌మన్ తీవ్రముగా నాక్షేపించెను. రాయలవారు మూడు విజ్ఞప్తులతో సమాధానమొసగిరి. గ్రంథమును పూజించుటయు విచారించుటయు పరస్పర విరుద్ధములు కావని వారి నడవడియే చాటినది.

అయిన నా విచారణ యెట్లు చేయవలెను? తెలుగునాటి వృత్తాంతమొకటి యిందులకు తోడ్పడును. 1866 లో ఒంగోలు చేరిన అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర పాఠశాల నెలకొల్పగా బ్రాహ్మణ బాలురు చేరిరి. అనతికాలములోనే మాదిగలు జ్ఞానస్నానము కోరి వచ్చిరి. వారిని చేర్చుకొన్నచో మా పిల్లలను పంపమని అగ్రజాతి పెద్దలు పట్టుపట్టిరి. ఆ సంకటమున తానొక గదిలోను, భార్య వేరొక గదిలోను బైబిలు తెరువగా, ఇరువురికిని కొరింథీయుల మొదటి పత్రికలోని యొకే భాగము కనబడినదని క్లౌ చెప్పుకొనెను. దైవము పిలిచినవారిలో జ్ఞానులును కులీనులును పెక్కుమంది లేరని దాని భావము. దంపతులు మాదిగలను స్వీకరించిరి, పాఠశాల చెడినది.

పుట దానంతట తెరచుకొనుట ప్రమాణమా? కాదు. మనవారు రామాయణమున శకునము చూతురు. క్రైస్తవులలో కొందరు సంవత్సరాదిని వాగ్దానపు చీటి తీయుదురు. దాసులు యజమానులకు లోబడవలెనను పుటయే ఆనాడు తెరచుకొనినచో నేమి చేసియుందురు? కాకతాళీయమును ఈశ్వరాజ్ఞగా గ్రహించుట వివేకము కాదు. అయినను వారి నిర్ణయము సరియైనదే. ఏలన, ఆ యర్థము పతితులతో కలసి భుజించిన ఏసుని సమస్త బోధతో పొసగుచున్నది. గ్రంథ తాత్పర్యమును ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, ఫలము, ఉపపత్తి మొదలగు గుర్తులచే తెలియవలెనని మన మీమాంసకులు చెప్పినదియు నిదియే. అంతకంటె ముఖ్యముగా, ఆ యర్థము వలన వ్యాఖ్యాతకు లాభము లేదు, నష్టమే కలిగినది.

దీనికి విపరీతము చూడుడు. దాస్యము విషయమున అమెరికను బాప్టిస్టులు 1845 లో రెండుగా చీలిరి. దక్షిణాదివారు అపొస్తలుల పత్రికలనుండియే బానిసత్వమును సమర్థించిరి. పుస్తకమొక్కటే, కాని ప్రత్తిపొలముల స్వార్థము వ్యాఖ్యాతయై కూర్చుండెను.

తమకనుకూలమైన వచనమునైనను ఆపి పరీక్షింపవలయును. 1876-78 నాటి క్షామమున, కర్నూలు, కడప మండలములు కూడ అల్లాడిన దినములలో, క్లౌ బకింగుహాము కాలువపని యిప్పించి జనులను పోషించెను. కాని అన్నమునకై మతములో చేరుదురను శంకచే జ్ఞానస్నానములను నిలిపివేసెను. సకల జనులకు జ్ఞానస్నానమిండను ఆజ్ఞ యాతని గ్రంథమున నున్నను వేచియుండెను. పిమ్మట 1878 జూలై 3 న ఒక్కదినముననే 2,222 మంది స్నానము పొందిరి. వారి యంతరంగము నీశ్వరుడే యెరుగును. ఆ నిరీక్షణమును మాత్రము మతభేదము లేక శ్లాఘింపవలెను. కోడుమూరున హంద్రి యిసుకలో చెలమ త్రవ్వినవాడు తొలుత నూరిన బురదనీటిని త్రాగడు, తేటపడువరకు తాళును. వచనార్థము విషయమునను అట్టి తాళిమి కావలయును.

ఎవరి వివేకము వారికి ప్రమాణమైనచో స్వేచ్ఛాచారమే శాస్త్రము కాదా యని కొందరడుగుదురు. నిజమే. అందుకే స్వార్థపరీక్ష కావలసివచ్చినది. ఏ వ్యాఖ్యానము నా కులమును, ధనమును, పెద్దరికమును చెక్కుచెదరకుండ నుంచునో దానిని రెండుమారులు శోధింపవలెను. ఏది నాచే కొంత విడిపించునో దానిని త్రోసిపుచ్చుటకు ముందు పదిమారులు ఆలోచింపవలెను.

విద్యావంతులారా, ఈ పరీక్ష మిషనరీలకు మాత్రమే కాదు. ఆత్మ యొక్కటేయను ఉపనిషద్భావమును సభలలో కొనియాడి, మాలపల్లెను చూడనట్లు పోవు మనకును వర్తించును. ఒంగోలులో ఆ దంపతులకు కనబడిన మాట కులీనులను గూర్చినది; అనగా మనలను గూర్చినది. అది పరమతగ్రంథమున నున్నదని తప్పించుకొందుమా? సత్యమునకు మతముద్ర లేదు. సర్వాంతర్యామి మనకట్టి నిర్భయ వివేకము నొసగుగాక.