రెండు మొహమాటాలు

మియాపూర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే చేతిలోకి ఒక కరపత్రం వస్తుంది. సంగారెడ్డిలో ప్లాట్లు, శంకరపల్లిలో విల్లాలు, పటాన్‌చెరు దాటాక ముప్పై అంతస్తుల అపార్ట్‌మెంట్లు. 2017 నవంబర్ 28న ప్రధానమంత్రి మెట్రో రైలును ప్రారంభించింది ఇక్కడే. ఎల్బీనగర్ వైపు నుంచి వచ్చే రైలు ఇక్కడికొచ్చి ఆగుతుంది. ఇక్కడి నుంచి ముంబయి హైవే పట్టుకుంటే ఇంకా కట్టని నగరం మొదలవుతుంది. ఆ కట్టని నగరాన్ని అమ్మే కుర్రాళ్లు ఈ మెట్ల దగ్గర నిలబడతారు. టక్ చేసిన చొక్కా, మెడలో ట్యాగ్, నెత్తిన ఎండ. "ఒక్కసారి సైట్ చూడండి సార్, కారు మేమే పంపిస్తాం."

వాళ్లంటే నాకు గౌరవం. ముక్కూ మొహం తెలియని మనిషిని ఆపి పలకరించడం, అతను చెయ్యి విదిలించి వెళ్లిపోతే అదే చిరునవ్వుతో పక్కనున్న మనిషి వైపు తిరగడం మాటలతో అయ్యే పని కాదు. చదువుకున్నవాళ్లం చాలామందిమి జీవితాంతం ఆ పని తప్పించుకునే బతికేస్తాం. మొహమాటాన్ని మన ఇళ్లలో మంచితనంలో భాగంగా నేర్పుతారు. విందులో రెండోసారి వడ్డించమని అడగకూడదు, ఇచ్చిన అప్పు గుర్తు చెయ్యకూడదు, నీ పని గురించి నువ్వు చెప్పుకోకూడదు. అలా పెరిగిన పిల్లవాడు ఇరవై రెండేళ్లకి ఊరొదిలి వచ్చి, నలుగురిలో నిలబడి నా దగ్గర ఇది ఉంది, మీరు కొనండి అనాలంటే, పుట్టినప్పటి నుంచి నేర్చుకున్నదంతా పక్కన పెట్టాలి.

ఆ పక్కన పెట్టించే పనిని మన దగ్గర ఒక తరం పాటు పుస్తకాలు, ఉపన్యాసాలు చేశాయి. యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు' హాస్టల్ గదుల్లో ఎన్ని చేతులు మారేదో ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లకి తెలుసు. ఇంద్రజాలికుడిగా పేరు తెచ్చుకున్న బి.వి.పట్టాభిరామ్ వ్యక్తిత్వ వికాసం వైపు వచ్చి, వేదికలెక్కి చెప్పారు, పుస్తకాలు రాశారు. తెలుగు మీడియంలో చదివి ఇంటర్వ్యూ గదిలో గొంతు పెగలని వాళ్లెందరికో ఆ మాటలు పనికొచ్చాయి. వాటిని తేలిగ్గా తీసిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. భయంతో కుర్చీ అంచున కూర్చున్న పిల్లవాడికి 'నువ్వు చెయ్యగలవు' అన్న మాట ఎంత అవసరమో, ఆ కుర్చీలో కూర్చోని వాళ్లకి తెలియదు.

నా ఆలోచన అక్కడి నుంచి ముందుకి. మొహమాటం ఒకటి కాదు, రెండు. ఒకటి నా గురించిన భయం: కాదంటారేమో, నవ్వుతారేమో, తక్కువగా చూస్తారేమో. రెండోది ఎదుటి మనిషి గురించిన భయం: ఇది ఇతనికి పనికిరాదేమో, ఇతని డబ్బు మునుగుతుందేమో. రెండూ గొంతు దగ్గర ఒకేలా అడ్డుపడతాయి. అందువల్ల సేల్స్ శిక్షణ రెండింటినీ ఒకటే అనుకుని కలిపి ఊడ్చేస్తుంది. సంకోచమన్న ప్రతిదాన్నీ బలహీనత కింద లెక్కగడుతుంది. మొదటిది పోవాల్సిందే. రెండోదాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. అమ్మేవాడి దగ్గర కొనేవాడి తరఫున నిలబడేది అదొక్కటే.

మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో అద్దెకుంటున్న కుర్రాడిది భీమవరం దగ్గర పల్లెటూరు. బీటెక్ అయ్యాక రెండేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగాడు. దొరక్క, ఒక రియల్ ఎస్టేట్ కంపెనీలో చేరాడు. ప్రీలాంచ్ ఆఫర్: మొత్తం డబ్బు ఒకేసారి కడితే బయటి రేటులో దాదాపు సగానికే ఫ్లాట్. పొద్దున్నే ఆఫీసులో చప్పట్లు, పాటలు, నిన్న ఎవరు ఎన్ని బుకింగులు చేశారో బోర్డు మీద. అందరికీ చెప్పేది ఒకటే, ముందు మీకు తెలిసినవాళ్ల జాబితా రాయండి అని. ఇతని జాబితాలో మొదటి పేరు మేనమామ. రొయ్యల చెరువుల మీద కూడబెట్టిన డబ్బు ఆయన దగ్గర ఉంది, కూతురి పేర హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్ ఉండాలన్న కోరికా ఉంది.

"అంతా బానే ఉందిరా అబ్బాయ్, పర్మిషన్ వచ్చిందా?" అని అడిగాడట ఆయన.

"ఆ మాట వినగానే కడుపులో కలుక్కుమంది అంకుల్," అని చెప్పాడు ఆ కుర్రాడు నాతో. "వెంటనే క్లాసులో చెప్పింది గుర్తొచ్చింది. కస్టమర్‌కి డౌటొచ్చిందంటే మన కాన్ఫిడెన్స్ తగ్గినట్టేనని. నవ్వి, వచ్చేసినట్టే మావయ్యా అన్నాను."

ఆ ఏడాది అతనికి షీల్డు ఇచ్చారు. స్టేజీ మీద ఫొటో దిగాడు. మేనమామ డబ్బు కట్టిన ఆ స్థలంలో గునపం దిగలేదు. తర్వాత కంపెనీ ఆఫీసుకి తాళం పడింది.

ఈ కథ నేను చాలాసార్లు తిరగేసుకున్నాను. అతను మోసగాడు కాదు. కంపెనీ చెప్పింది పూర్తిగా నమ్మాడు. 'నీ సొంతవాళ్లకైతే అమ్ముతావా?' అన్న పరీక్ష ఒకటి చెబుతుంటారు, అమ్మకంలో నిజాయతీకి అది కొలత అంటారు. ఇతను అమ్మింది సొంతవాళ్లకే! ప్రేమా నమ్మకమూ నిండుగా ఉండి కూడా ఆ పరీక్ష అక్కరకు రాలేదు. అక్కరకు రావాల్సింది ఆ కలుక్కుమనడం. అది సరైన చోట, సరైన క్షణంలో పలికింది. దాన్ని ఓడించడమే గెలుపని అతనికి నేర్పారు.

ఆ క్షణంలో ఆగి చూసుకుంటే చూడటానికి కాగితాలు ఉన్నాయి. 2016లో వచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా ప్రకారం, చిన్న ప్రాజెక్టులు మినహా దేనికైనా ముందు రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అది ఉన్నాక కూడా, రాతపూర్వకమైన అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో పదో వంతుకి మించి వసూలు చెయ్యకూడదు. అమ్మిపెట్టే ఏజెంట్ సైతం తన పేరు నమోదు చేయించుకోవాలి. మొత్తం సొమ్ము ఒకేసారి కట్టమనడమే ఆ చట్టానికి ఎదురు. మేనమామ అడిగిన ఆ చిన్న ప్రశ్నకి జవాబు ఫోన్‌లో రెరా వెబ్‌సైట్ తెరిస్తే దొరికేది. ఇద్దరూ తెరవలేదు. ఒకరికి మేనల్లుడి మీద నమ్మకం, ఇంకొకరికి నవ్వు మీద నమ్మకం.

ఆ రెండో మొహమాటం చెక్కుచెదరని మనిషి కూడా ఇక్కడే ఉంది. మియాపూర్‌లోనే ఆల్విన్ చౌరస్తా వైపు ఒక కర్రీ పాయింట్ ఉంది. ఇంట్లో కుక్కర్ పెట్టి కూరల కోసం పరిగెత్తే ఐటీ జంటలు సాయంత్రం ఏడు దాటితే అక్కడ గుమిగూడతారు. గోంగూర మాంసం అడిగితే అది నడిపే ఆవిడ ఒక్కోసారి "అది మధ్యాహ్నం వండింది సార్, వద్దులెండి, పప్పు ఇప్పుడే దించాను" అంటుంది. ఖరీదైన కూర మానిపించి చవకైన పప్పు కట్టిస్తుంది. ఆవిడ ఏ క్లాసుకీ వెళ్లలేదు. పది మంది ముందు గట్టిగా మాట్లాడటంలో ఆవిడకి ఇసుమంత బెరుకు లేదు. వండింది ఎప్పుడో చెప్పడంలో మాత్రం జాగ్రత్త.

రోజూ వచ్చే మనిషికి కూర కట్టేటప్పుడు ఆ జాగ్రత్త సహజంగా నిలుస్తుంది, తప్పు రేపే తెలిసిపోతుంది కనుక. పదేళ్లకి తేలే ఇల్లు, ఏళ్ల తరబడి వాడితే తప్ప గుణం తెలియని మందు, ఇలాంటివి అమ్మేటప్పుడు ఎలా? దానికి జవాబు కూడా మియాపూర్‌లోనే ఉంది, బొల్లారం రోడ్డు మీద.

తాడేపల్లిలో పసుపు రైతు ఇంట 1939లో పుట్టిన కల్లం అంజిరెడ్డి, ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ పెట్టారు. అప్పటి మన పేటెంట్ చట్టం మందు తయారుచేసే పద్ధతికే తప్ప మందుకి పేటెంట్ ఇచ్చేది కాదు. అందుకే విదేశాల్లో కనిపెట్టిన మందుని మన కంపెనీలు వేరే దారిలో చేసి చవకగా అమ్మేవి. ఆయనకి అది చాలలేదు. సొంతంగా కొత్త మందు కనిపెట్టాలని మియాపూర్‌లో పరిశోధనశాల నడిపించారు. మధుమేహం కోసం అక్కడ తయారైన ఒక అణువు హక్కుల్ని 1997లో డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ తీసుకుంది. ఒక భారతీయ కంపెనీ తాను కనిపెట్టిన అణువుని విదేశీ కంపెనీకి అలా ఇవ్వడం అదే మొదలు. ఇన్సులిన్‌కి పేరుపడ్డ కంపెనీకి మధుమేహం మందు అమ్మబోవాలంటే, మొదటి రకం మొహమాటం ఆ మనిషిలో రవ్వంతైనా మిగిలి ఉండకూడదు.

మరుసటి ఏడాది రాగాగ్లిటజార్ అనే ఇంకో అణువు అదే దారిన వెళ్లింది. మనుషుల మీద ప్రయోగాల్లో చివరి దశకి చేరింది. 2002లో, జంతువుల మీద చేస్తున్న దీర్ఘకాలిక పరీక్షల్లో మూత్రాశయంలో కణుతులు కనబడ్డాయి. ప్రయోగాలు ఆపేశారు. ఏళ్ల శ్రమ, ఆశ, పెట్టుబడి ఆగిపోయాయి. మొదటి అణువు, బాలాగ్లిటజోన్, ఆ తర్వాత చాలా దూరం ప్రయాణించి కూడా మార్కెట్‌కి రాలేదు. అంజిరెడ్డి 2013లో కన్నుమూశారు. ఆయన స్వీయచరిత్రకి పెట్టిన పేరు 'యాన్ అన్‌ఫినిష్డ్ ఎజెండా'.

విజయగాథలు చెప్పేవాళ్లు ఈ ఘట్టాన్ని దాటేస్తారు, లేదా పట్టుదలకి ఉదాహరణగా వాడతారు. నాకు ఇందులో అంతకంటే పెద్ద విషయం కనబడుతుంది. మందుల వ్యాపారంలో రెండో రకం మొహమాటాన్ని అమ్మేవాడి మంచితనానికి వదిలెయ్యలేదు. ఒక పక్క మనుషుల మీద ఆశాజనకంగా ప్రయోగాలు సాగుతుంటే, మరో పక్క ఎలుకలకి రెండేళ్ల పాటు అదే మందు పట్టి చూడాలన్నది నియమం. అనుమానించడం అక్కడ కొందరి ఉద్యోగం. ఆ కణుతుల్ని చూసినవాళ్లకి ఎవరూ షీల్డులు ఇచ్చి ఉండరు. ఎంతమంది రోగుల్ని కాపాడారో వాళ్లకీ తెలియదు. నా దృష్టిలో ఆ ఆగడం, 1997 నాటి ఒప్పందానికి ఏ రకంగానూ తీసిపోయే గెలుపు కాదు.

మెట్ల దగ్గర నిలబడే ఆ కుర్రాళ్లకి ఇలాంటి ఏర్పాటు లేదు. వాళ్లకి పొద్దున చప్పట్లు ఉన్నాయి, సాయంత్రం టార్గెట్ ఉంది. మధ్యలో ఎవరో ఒక పెద్దాయన పర్మిషన్ సంగతి అడిగినప్పుడు, ఆగి చూసి చెబుతాననే హక్కు వాళ్లకి ఇవ్వాలి. అలా చెప్పినందుకు బుకింగ్ పోతే జీతం కొయ్యకూడదు. శిక్షణ ఇచ్చేవాళ్లు మొదటి రోజే రెరా నంబర్ ఎలా చూడాలో నేర్పితే, ధైర్యం గురించి ఎంతసేపు ఉపన్యసించినా నాకు అభ్యంతరం లేదు.

పై అంతస్తు కుర్రాడు ఇప్పుడు సొంతంగా రీసేల్ ఫ్లాట్లు చూపిస్తున్నాడు, ఏజెంట్‌గా పేరు నమోదు చేయించుకుని. మొదటిసారి కలిసినప్పుడే కాగితాలు బల్ల మీద పరిచి, ఏది లేదో ముందు చెబుతాడు. కొందరు ఆ మాట విని లేచి వెళ్లిపోతున్నారట. నెల గడుస్తోందా అని అడిగితే, ఇప్పుడిప్పుడే అద్దె వరకూ వస్తోంది అంకుల్ అన్నాడు. మేనమామకి నెల నెలా కొంత పంపుతున్నాడు. ఆయన తీసుకుంటున్నాడు, ఫోన్ మాత్రం ఎత్తడం లేదు. అత్తయ్య మాట్లాడుతోందట.