దర్శనానికి దారి, ఊరికి గోడ

పుణ్యక్షేత్రం ఎవరిదన్న ప్రశ్నకు రాజ్యాలు పటాన్ని చూపుతాయి, భక్తులు విశ్వాసాన్ని చూపుతారు. అయితే ఆ క్షేత్రానికి వెళ్లే దారిలో, సరిహద్దును ఆనుకొని బతికే ఊరికి అందులో వాటా ఏమిటన్న విచారణ అరుదుగా జరుగుతుంది. భారత పంజాబ్‌లోని డేరా బాబా నానక్ పట్టణం, రావి నదికి ఆవల పాకిస్తాన్‌లోని కర్తార్‌పుర్ గురుద్వారా ఈ విచారణకు తగిన తావులు.

గురు నానక్ తన చివరి పద్దెనిమిదేళ్లూ గడిపి, 1539లో దేహం చాలించిన కర్తార్‌పుర్ మొదట గుడి కాదు, ఊరు. అక్కడ ఆయన పొలం దున్నారు. కిరత్, అంటే సొంత కష్టంతో బతకడం, లంగర్, అంటే కులమత భేదం లేకుండా ఒకే పంక్తిలో కూర్చొని భుజించడం, అక్కడ నిత్యజీవితంగా సాగాయి. ఆయన గతించాక హిందువులు దహనం చేస్తామని, ముస్లింలు ఖననం చేస్తామని వాదులాడుకోగా దుప్పటి కింద పువ్వులే మిగిలాయని సంప్రదాయం చెబుతుంది. సమాధి, గోరీ రెండూ నేటికీ ఆ ఆవరణలోనే ఉన్నాయి. ఆ తొలి ఊరిని రావి కోసివేయగా, గురువు వంశీకులు ఈవలి ఒడ్డున నిలుపుకొన్నదే డేరా బాబా నానక్. ఇలా ఒకే కుదురు నుంచి వచ్చిన ఈ రెండు తావులను 1947 ఆగస్టు 17న వెల్లడైన రాడ్‌క్లిఫ్ తీర్పు విడదీసింది: గురుదాస్‌పుర్ జిల్లాలో శకర్‌గఢ్ తహసీలు పాకిస్తాన్‌కు పోయింది, తక్కినది భారత్‌లో మిగిలింది. ఆ తరువాత దశాబ్దాల పాటు భక్తులు సరిహద్దు కట్ట మీద నిలబడి, దుర్భిణిలో తెల్లని గుమ్మటాన్ని చూసి, చేతులు జోడించి వెనుదిరిగేవారు.

2019 నవంబర్ 9న ఈ రెండు తావులను కలుపుతూ తెరిచిన నడవా ఆ దూరాన్ని చెరిపింది. పాస్‌పోర్టు చూపి, ఇరవై డాలర్ల రుసుము చెల్లిస్తే వీసా లేకుండా రోజుకు ఐదు వేల మంది వరకు ఆవలికి వెళ్లే వీలుండేది. అయితే గురుద్వారా ఆవరణ దాటకూడదు, సాయంత్రానికి తిరిగి రావాలి అన్నది నియమం. జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1795లో శాశ్వత శాంతిపై రాసిన గ్రంథంలో పరదేశికి నివాసహక్కు లేకపోయినా సందర్శన హక్కు ఉందన్నాడు, అంటే పరాయి సమాజం ముందుకు వచ్చి నిలబడి, శత్రువుగా చూడబడకుండా ఉండే హక్కు. ఈ నడవా ఇచ్చినది అంతకన్నా ఇరుకైనది. భక్తుడు క్షేత్రాన్ని చూసేవాడు, దాని చుట్టూ ఉన్న ఊళ్లను చూసేవాడు కాదు. ఈవల కూడా అంతే: సరిహద్దు వద్ద పొలాలు సేకరించి కట్టిన తనిఖీ కేంద్రానికి నేరుగా చేరే యాత్రికుడు డేరా బాబా నానక్ బజారులో అడుగు పెట్టకుండానే వెళ్లి రాగలిగేవాడు. ఆవలి గ్రామస్థుడికైతే ఈ దారిన ఈవలికి రావడానికి అనుమతే లేదు.

దర్శనమే పరమార్థమైతే ఈ ఏర్పాటులో లోటు లేదని వాదించవచ్చు, ఆ వాదాన్ని తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు. డెబ్బై ఏళ్లు ఎదురుచూసి గడప తాకిన వృద్ధుల కన్నీళ్లు నిజమైనవి. అయినా గురువు నెలకొల్పినది కలిసి బతికే సంఘం కనుక, దాని గుమ్మటాన్ని మాత్రమే అందించి మనుషుల్ని వేరుగా ఉంచడం ఆయన పనిని సగంలో ఆపడమే. ఆ మిగిలిన సగాన్ని జనమే కొంత పూరించారు: 1947లో చెల్లాచెదురైన తోబుట్టువులు ఆ ఆవరణలోనే ముదిమిలో ఒకరినొకరు కావలించుకున్నారు; ఏ ఒప్పందమూ వారి కోసం రాసినది కాదు.

తెరవడం, మూయడం మాత్రం రాజధానుల చేతిలోనే ఉంది. మహమ్మారి వల్ల 2020 మార్చిలో మూతపడి 2021 నవంబర్‌లో తెరుచుకున్న దారిని, ఇరు దేశాల ఉద్రిక్తతల నడుమ 2025 మే 7న భారత ప్రభుత్వం మళ్లీ నిలిపివేసింది. సిక్కుల నిత్యప్రార్థన అయిన అర్దాస్‌లో, విభజన తరువాత చేరిన విన్నపం ఒకటి ఉంది. విడిపోయిన గురుద్వారాల దర్శనంతో పాటు వాటిని సేవించి కాపాడుకునే భాగ్యాన్ని కూడా అది కోరుతుంది. దర్శనం ఒక పూటలో ముగియవచ్చు గాని, సేవకు నిత్యం వెళ్లి రాగల పొరుగు కావాలి. ఆ పొరుగు డేరా బాబా నానక్.