పరువనెడు మత్తు

కుమారుడు మత్తుమందునకు మరిగెనని తెలిసికొన్న తలిదండ్రులు మొట్టమొదట చేయు పని యేది? పెక్కిండ్లలో వైద్యుని పిలుచుట గాదు, వీథితలుపు మూయుట. పిమ్మట “పెండ్లి చేసినచో కుదురుకొనును” అని సంబంధములు వెదకుట. చదువుకొన్నవారి యిండ్లలోను జరుగుచున్న యీ కార్యము ధర్మమా యని విచారింపవలసియున్నది.

మత్తు మన దేశమునకు క్రొత్త గాదు. కూలికి బోవు తల్లులు బిడ్డ యేడ్వకుండుటకై నల్లమందు పెట్టు నాచారము పూర్వ ముండెడిది. గంజాయిని గూర్చి విచారించుటకు ప్రభుత్వము 1893లోనే యొక సంఘమును నియమించెను. 1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చెను. అయినను, ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ నడపిన పరిశోధనలో, 2019లో వెలువడిన నివేదికను బట్టి, ఒక సంవత్సరకాలమున గంజాయిని, భంగును సేవించినవారు సుమారు 3 కోట్ల 10 లక్షలు. వీరందఱు నేదో యొక యింటి బిడ్డలే.

నల్లమందును, దానినుండి చేయబడు హెరాయినును మనుష్యుని లోబఱచుకొను రీతి యిట్టిది. నిన్న చాలిన మోతాదు నేడు చాలదు. మానినచో వాంతులు, ఒడలినొప్పులు, నిద్రలేమి. కొంతకాలము మానిన పిదప శరీరమునకు దానిని తాళు శక్తి తగ్గిపోవును. అప్పుడు పూర్వపు మోతాదునే మరల గొన్నచో ఊపిరి నిలిచి ప్రాణము పోవచ్చును. కావున గదిలో బెట్టి తాళము వేసి, నెల గడచినంతనే నయమయ్యెనని సంతోషించుట యపాయకరము. మనోబలము కావలసినదే, అదియొక్కటియే చాలుననుట కాలు విఱిగినవానిని నడచి చూపుమనుట వంటిది.

“బిడ్డ రహస్యమును లోకమునకు చాటుకొనుమందురా?” అని యొక తల్లి యడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. లోకమునకు చాట నక్కఱలేదు. వైద్యునికి చెప్పవలెను. పెండ్లి తలపెట్టినచో ఆ పిల్లకు చెప్పవలెను. ఆ చెప్పుట కుమారుని నోటనే జరుగుట మేలు. ఊరివారికి చెప్పకుండుట మర్యాద. బ్రదుకు పంచుకొనబోవు దానికి చెప్పకుండుట వంచన. వధువు ఔషధము గాదు. తన కొడుకు బాగుపడునేమో యను నాసతో పరుల కూతును పణముగా నొడ్డుటకు ఎవరి కధికారము గలదు?

చట్టము సహిత మీ విషయమున దారి చూపుచున్నది. తన వాడుకకై కొద్దిపాటి మందు కలిగియున్నాడని నేరము మోపబడిన వ్యసనపరుడు, తానై చికిత్సకు వచ్చి దానిని పూర్తిచేసినచో, శిక్షనుండి తప్పించుకొనుటకు 1985 నాటి చట్టమున నవకాశము గలదు. చట్ట మీయగల యవకాశమును కన్నవా రీయరాదా?

నాటి కూలితల్లి నల్లమందుతో బిడ్డ యేడుపు నణచినది. బిడ్డ యాకలి తీఱలేదు. ఆమెకు పేదఱికమను సాకైన నుండెను. నేడు పరువుతో కొడుకు బాధను కప్పువారి కా సాకును లేదు. ఏడుపు వినబడకుండుట వేఱు. బాధ తీఱుట వేఱు.