కొండకు చెల్లింపవలసిన చూపు



సెలవులు వచ్చినంతనే పట్టణములలోని యువకులు గుంపులుగా కొండలెక్కుటకు బయలుదేరుచున్నారు. భుజమున ఒక సంచి, మెడలో ఒక చిన్న కెమెరా, ఇంతే వారి సామాను. ఈ కెమెరాను మిర్రర్‌లెస్ కెమెరా, అనగా అద్దములేని కెమెరా అందురు. పెద్ద కెమెరాలో లెన్సు వెనుక ఏటవాలుగా ఒక అద్దముండును. అది వెలుగును పైకి మళ్లించి మన కంటికి చూపును. మీట నొక్కగనే లేచి తప్పుకొనును. చిన్న కెమెరాలో ఆ అద్దమును, దానిపైనుండు గాజు దిమ్మను తీసివేసిరి. వెలుగు నేరుగా సెన్సారు అను పలకమీద పడును. అక్కడ పడిన బొమ్మయే చిన్న తెరమీద కనబడును. 2008లో పానసానిక్ కంపెనీవారు ఇట్టిదానిని అమ్మకమునకు తెచ్చినది మొదలు ఇవి లోకమంతట వ్యాపించినవి. లెన్సు గాక 400 గ్రాములైన తూగనివి వీటిలో ఎన్నో కలవు.

ఇందులో ధర్మవిచారమేమున్నది, బరువు తగ్గిన మంచిదే గదా అని మీరడుగవచ్చును. మంచిదే. అయినను నెత్తిమీది మూట తేలికైనప్పుడు, అందులోనుండి ఏమి జారిపడెనో వెనుదిరిగి చూచుకొనుట వివేకము. పనికిరానిదే జారిపోయినదా? పనికివచ్చునది కూడ దానితో పోయినదా?

పూర్వము ఆ బరువును మోసిన భుజమెవరిది? ఇది మొదట అడుగవలసిన ప్రశ్న. శామ్యూల్ బోర్న్ అను ఇంగ్లీషువాడు 1863లో మన దేశమునకు వచ్చి, ఆ సంవత్సరము మొదలుకొని మూడుమారులు హిమాలయములలో దూరప్రయాణములు చేసెను. ఆ దినములలో ఫొటో తీయుట సామాన్యమైన పని కాదు. గాజు పలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడికక్కడే చీకటి గుడారములో కడుగవలెను. కాబట్టి కెమెరా, పలకలు, మందు సీసాలు, గుడారము అన్నియు వెంట రావలెను. మొదటి ప్రయాణములో సుమారు 30 మంది కూలీలు ఆయన సామాను మోసిరి. 1866లో ఆయన సుమారు 18,600 అడుగుల ఎత్తుననున్న మణిరంగ్ కనుమను ఫొటో తీసెను. ఆ చిత్రములు నేటికిని చూచువారిని నిలువబెట్టును. వాటి క్రింద బోర్న్ పేరున్నది; మోసినవారి పేర్లు లేవు. కూలీలు నడుమ త్రోవలో విడిచి పారిపోయిరని ఆయన ఇంగ్లండులోని ఫొటోగ్రఫీ పత్రికకు విసుగుతో వ్రాసెను. మంచులో పరాయివాని గాజు పలకలను మోయువాడు ఏల పారిపోవునో తెలిసికొనుట మనకు కష్టము కాదు.

కావున, ఆ కాలమే మంచిది, అప్పటివారు కష్టపడి ఫొటోలు తీసిరి అని తొందరపడి పొగడరాదు. ఆ కష్టములో పెద్దపాలు ఇతరులది. ఎవని మూటను వాడే మోసికొనగలుగుట న్యాయమునకు దగ్గరి సంగతి. చిన్న కెమెరా పక్షమున ఈ మాటను మొదట చెప్పవలెను.

తేలికను కోరుట సోమరితనమనియు అనరాదు. జర్మనీలోని వెట్స్‌లార్ పట్టణమున ఆస్కార్ బార్నాక్ అను పనివాడుండెను. ఆయనకు ఉబ్బసము. పెద్ద కెమెరాను, పలకలను మోసికొని కొండదారుల నడచుట ఆయన రొమ్మునకు భారమయ్యెను. అందుచేత సినిమా ఫిలిమును వాడుకొను ఒక చిన్న కెమెరాను 1914 నాటికి తన చేతులతో తయారుచేసెను. అదే 1925లో లైకా అను పేరుతో బజారుకు వచ్చెను. ఆయాసపడు ఒక మనుష్యుడు కొండను చూడగోరినందున నేడు బలహీనులు, ముసలివారు సయితము కెమెరాతో కొండదారి పట్టగలుగుచున్నారు. ఇది మేలు కాదని ఎవరనగలరు?

అయితే బరువుతోకూడ మరియొకటి జారిపోయినది. అది ఎంపిక. 1927 ఏప్రిల్ 10వ తేదీన ఆన్సెల్ ఆడమ్స్ అను యువకుడు, తనకు కాబోవు భార్యతోను కొందరు స్నేహితులతోను, అమెరికాలోని యోసెమిటీ లోయలో మంచు దారిన పైకెక్కెను. వీపున కెమెరా సామాను, అందులో 12 గాజు పలకలు మాత్రమే. హాఫ్ డోమ్ అను మహాశిల ఎదుటికి చేరునప్పటికి మిగిలినవి 2 పలకలు. మొదటిదానిని పసుపుపచ్చని గాజు అడ్డము పెట్టి తీసెను. తీసిన తరువాత నిలిచి ఆలోచించెను. ఆ శిల తన మనస్సునకు కలిగించిన గాంభీర్యము అందులో రాదని ఆయనకు తోచెను. ఎర్రని గాజును అడ్డము పెట్టిన ఆకాశము నల్లబడునని తలపోసి, కడపటి పలకను అట్లు తీసెను. లోకమెరిగిన చిత్రము ఆ రెండవదే.

పలక ఒక్కటే ఉన్నప్పుడు మనుష్యుడు చూడక తప్పదు. విత్తనములు గుప్పెడే ఉన్న రైతు నేలను చూచి చల్లును. గాదెనిండ ఉన్నవాడు కన్నులు మూసికొని చల్లినను చల్లును. నేటి కెమెరాలో ఒక చిన్న కార్డుమీద వేలకొలది ఫొటోలు పట్టును. మొదటి మలుపులో 50, రెండవ మలుపులో 100 తీయుచు పోవువాడు, ఏ మలుపులోనైన నిలిచెనా? చుట్టము మన ఇంటికి వచ్చి, కూర్చుండక, మన మొగము చూడక, గుమ్మముననే నిలిచి గిన్నెలన్నియు లెక్కపెట్టుకొని పోయిన, వాడు మన ఇంటికి వచ్చినట్లా?

ఇది ఊరకే చెప్పు మాట కాదు. లిండా హెంకెల్ అను అమెరికా మనస్తత్వశాస్త్ర పండితురాలు తన పరిశోధనను 2014లో ఒక పత్రికలో ప్రకటించెను. విద్యార్థులను ఒక మ్యూజియములో నడిపించి, కొన్ని వస్తువులను ఊరకే చూడుమని, కొన్నిటిని ఫొటో తీయుమని చెప్పిరి. మరునాడు అడుగగా, చూచినవాటికంటె ఫొటో తీసినవాటినే వారు తక్కువగా జ్ఞాపకముంచుకొనిరి. ఫొటోలో ఉన్నది గదా అని మనస్సు తన పనిని కెమెరాకు అప్పగించి ఊరకుండును గాబోలు. అయితే అదే పరిశోధనలో మరియొక సంగతియు తెలిసెను. వస్తువులో ఒక భాగమును ఎన్నుకొని, దానిని దగ్గరకు తెచ్చుకొని తీసినవాటి విషయములో ఆ మరపు కలుగలేదు. కావున తప్పు కెమెరాది కాదు. ఎన్నుకొని చూచినవానికి కెమెరా అడ్డము రాలేదు.

ఇక మనము చూడవలసినది కొండ మాత్రమేనా? ప్రకృతి దృశ్యమనగానే మనుష్యులు లేని చోటని తలంచుట ఫొటోగ్రాఫర్లకు వాడుక. ఆ యోసెమిటీ లోయనే 1861లో కార్లటన్ వాట్కిన్స్ అను ఆయన, 18 అంగుళముల వెడల్పు, 22 అంగుళముల పొడవుగల పెద్ద గాజు పలకలను కంచరగాడిదలమీద వేసికొనిపోయి ఫొటోలు తీసెను. దూరముననున్న పెద్దలు ఆ చిత్రములను చూచి ఆశ్చర్యపడిరి. 1864లో ఆ లోయను ప్రజలందరికొరకు కాపాడవలెనను చట్టముమీద అధ్యక్షుడు లింకన్ సంతకము చేయుటకు ఆ చిత్రములును తోడ్పడెనని చరిత్రకారులు చెప్పుదురు. గొప్ప మేలే. కాని ఆ లోయ ఖాళీ స్థలము కాదు. అక్కడ తరతరములుగా నివసించిన అవానీచీ అను జనులను 1851లో ఆయుధములు పట్టిన దళమువారు తరిమిరి. అందమైన చిత్రములో కనబడనివారు లేనివారని తలంచుట ఎంత సులభము!

ఈ సంగతి మనకు దూరమైనది కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు దగ్గర వంజంగి కొండమీదికి, లోయలో పరచుకొనిన మేఘములను చూచుటకు జనులు తెల్లవారకముందే ఎక్కుదురు. ఆ ప్రాంతములో కాఫీతోటలున్నవి, చెట్లకు మిరియపు తీగెలున్నవి, గిరిజనుల ఇండ్లున్నవి. పైకెక్కువాడు మేఘములను తీసికొని, ఖాళీ నీళ్ల సీసాను అక్కడ విడిచి దిగిన, వాడు చూచినదేమి? అడుగకయే ఆ ఇంటి తల్లిని, ఆమె బిడ్డను ఫొటో తీసికొని పోయిన, అది ఏ మర్యాద? మన పెరటిలోనికి ఒకడు వచ్చి అట్లు చేసిన మనమూరకుందుమా?

అట్లయిన కెమెరాను ఇంట విడిచి పోవలెనా అని మీరడుగుదురు. అక్కరలేదు. కొండ ఎక్కలేనివారు ఎందరో కలరు. మోకాళ్ల నొప్పులతో అరుగుమీదనే కూర్చుండు నాయనమ్మ కలదు. మంచము దిగలేని రోగి కలడు. ఊరు దాటి ఎన్నడును పోని కూలిమనిషి కలదు. ఆ తెల్లవారుజామున మేఘములమీద సూర్యుడెట్లు పొడిచెనో వారి ప్రక్కన కూర్చుండి చూపువాని చేతిలో ఫొటో ఒక కానుక. అయితే కానుక ఇచ్చువాడు తానెరిగినదానినే ఇయ్యవలెను. తానే చూడనివాడు వారికేమి చూపగలడు? "అక్కడ గాలి ఎట్లుండెను నాయనా?" అని నాయనమ్మ అడిగిన, వేయి ఫొటోలు తీసినవాడు ఏమి చెప్పును?

కావున మనము గ్రహింపవలసినది ఇదే. కొండ మనకు ఫొటో బాకీపడలేదు. మనమే కొండకు చూపు బాకీపడియున్నాము. పూర్వము ఆ బాకీని బరువే వసూలుచేసెను. పలకలు కొద్దిగా ఉండుటచేతను, కాలు నొప్పిచేతను మనుష్యుడు నిలిచి చూచెను. నేడు వసూలుచేయువారు లేరు. అడుగువారు లేనప్పుడు తీర్చు బాకీయే మనుష్యుని నిజాయితీని చూపును.

యువకులారా, ఈసారి కొండకు పోయినప్పుడు ఇట్లు చేయుడి. పైకి చేరినంతనే కెమెరా తీయకుడి. ఒక రాతిమీద కూర్చుండి, చెమట ఆరువరకు ఊరకే చూడుడి. తరువాత, ఒక్క పలకయే మిగిలినదనుకొని ఒక ఫొటో తీయుడి. ఇంటి ముంగిట మనుష్యులుండిన వారిని మొదట పలుకరించి, వారు ఒప్పుకొనిననే తీయుడి. పువ్వులమీద అడుగు వేయకుడి. మీరు తెచ్చినదంతయు మీతోకూడ దింపుకొని రండి.

మరియొక మాట. కెమెరా తేలికైనందున మీ వీపున కొంత బలము మిగిలియుండును. త్రోవలో వెనుకబడినవాడెవడో వెనుదిరిగి చూచి, వాని సంచి కొంతదూరము మోయుడి. ఆనాడు మంచులో ఇతరుల మూటలు మోసి పేరులేక పోయినవారికి మనము చెల్లింపగలిగినది ఈ కొంచెమే.