హలాల్ సొమ్ముతో కొన్న ఇల్లు హలాల్ అవుతుందా?

అల్లాహ్ మనిషికి ప్రసాదించిన అనుగ్రహాల్లో ఇల్లు ఒకటి. దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరాలో అల్లాహ్ తన మేళ్ళను గుర్తు చేస్తూ, మన ఇళ్ళను మనకు ప్రశాంతత లభించే చోటుగా చేశానని తెలియజేశాడు. విశాలమైన ఇల్లు, మంచి పొరుగువాడు మనిషి సౌభాగ్యానికి గుర్తులని దైవప్రవక్త (స) బోధించారు. కనుక సొంత ఇల్లు కావాలని కోరుకోవడం ప్రాపంచిక వ్యామోహం కాదు. అద్దె ఇళ్ళలో ఏళ్ళ తరబడి నలిగిన కుటుంబం నాలుగు గోడలు తనవి కావాలని ఆశపడటంలో తప్పేమీ లేదు.

హైదరాబాద్ పాతబస్తీలో జాగా దొరకక, దొరికినా కొనే స్తోమత లేక ఎన్నో కుటుంబాలు నగరం దక్షిణపు అంచుకు తరలి వచ్చాయి. రంగారెడ్డి జిల్లాలోని జల్‌పల్లి అలా పెరిగిన ఊరే. షాహీన్ నగర్, ఎర్రకుంట, పహాడీ షరీఫ్ వంటి బస్తీలు దాని చుట్టూ అల్లుకున్నాయి. 2016లో అది మునిసిపాలిటీ అయింది. 2025 చివరలో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయింది. ఒకప్పటి పొలాలు, రాళ్ళగుట్టలు, చెరువు అంచులు ఈనాడు అరవై గజాలు, ఎనభై గజాలు, వంద గజాల ప్లాట్లుగా మారాయి.

ఇలాంటి చోట ఇల్లు కొనబోయేవారు మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. "మౌలానా, బ్యాంకు లోను తీసుకుంటే వడ్డీ కట్టాలి కదా! అందుకే ఆ జోలికి పోకుండా, సౌదీలో కష్టపడి సంపాదించిన డబ్బు, ఇంట్లో ఆడవాళ్ళ నగలు అమ్మిన డబ్బు కలిపి రొక్కంతో నోటరీ మీద ప్లాటు కొంటున్నాం. ఇది హలాలే కదా?" అని.

వడ్డీకి భయపడే ఈ మనసు ఎంతో మెచ్చుకోదగినది. అల్లాహ్ వారి భయభక్తులను స్వీకరించుగాక! అయితే ఈ ప్రశ్నలో సగం విషయమే ఉంది. మిగతా సగం గురించి ఆలోచించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

సొమ్ము వేరు, సొత్తు వేరు

ఒక క్రయవిక్రయం ధర్మసమ్మతం కావాలంటే రెండు వైపులా పరిశుద్ధంగా ఉండాలి. కొనేవాడు ఇచ్చే సొమ్ము హలాల్ కావాలి. అమ్మేవాడు ఇచ్చే సొత్తు నిజంగా అతనిదై ఉండాలి. మన ఇళ్ళలో మొదటి విషయం మీద ఎంతో చర్చ జరుగుతుంది. రెండో విషయం మీద జరగదు. దొంగిలించిన గొర్రెను చెమటోడ్చి సంపాదించిన డబ్బుతో కొన్నంత మాత్రాన ఆ గొర్రె మనదవుతుందా? భూమి విషయమూ అంతే.

ఇంకో మాట. బ్యాంకు లోను ఇచ్చే ముందు లింకు డాక్యుమెంట్లు అడుగుతుంది, లాయరుతో పరిశీలన చేయిస్తుంది. కాగితాలు సరిగా లేని ప్లాటుకు లోను రాదు. అందుకే అలాంటి ప్లాట్లు రొక్కానికే అమ్ముడుపోతాయి. కాబట్టి మనం వడ్డీ లేకుండా కొన్నామన్నది ఆ ప్లాటు పరిశుద్ధమని చెప్పే రుజువు కాదు. లోను అసలు దొరకని ప్లాటు అయితే, దానిలోని లోపానికే అది గుర్తు కావచ్చు. వడ్డీని తప్పించుకునే తొందరలో పరుల హక్కు మీద కాలు పెడితే మనం ఏ పాపం నుండి బయటపడినట్లు?

అన్యాయంగా జానెడు భూమిని ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల బరువు చుట్టబడుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఈ హదీసును ఉల్లేఖించిన హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) మీదనే అర్వా అనే స్త్రీ తన భూమి ఆక్రమించారని మర్వాన్ వద్ద ఫిర్యాదు చేసింది. ప్రవక్త (స) నోట ఆ హెచ్చరిక విన్న తర్వాత నేను అలాంటి పని ఎలా చేయగలనని ఆయన బదులిచ్చారు. వివాదాన్ని అల్లాహ్‌కు అప్పగించి, ఆ భూమిని వదిలేశారు. ఆ హెచ్చరిక సహాబాల హృదయాల్లో ఎంతగా నాటుకుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

మస్జిదె నబవీ స్థలం సంగతి కూడా గుర్తు చేసుకుందాం. అది సహ్ల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలుర భూమి. వారు దానిని ఉచితంగా ఇస్తామన్నారు. దైవప్రవక్త (స) ఒప్పుకోక, దానిని కొనుగోలు చేశారు. అల్లాహ్ గృహం కోసమే సొంతదారుని హక్కును ఇంత జాగ్రత్తగా చూసినప్పుడు మన గృహాల మాటేమిటి?

కాగితం ఏం చెబుతుంది?

చాలామంది నోటరీ ముద్ర పడితే ఆస్తి తమదైపోయిందని భావిస్తారు. నోటరీ ధ్రువీకరించేది సంతకాన్నే. ఆ భూమికి అమ్మేవాడు హక్కుదారుడా కాదా అన్నది నోటరీ తేల్చడు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆ పైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలి. అగ్రిమెంటు, జి.పి.ఎ. కాగితాల మీద జరిగే అమ్మకాలతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది.

అయితే ఇక్కడ షరీఅత్ దృష్టిని కూడా అర్థం చేసుకోవాలి. నిజమైన సొంతదారుడు ఇష్టపూర్వకంగా అమ్మి, సొమ్ము పుచ్చుకుంటే, రిజిస్ట్రేషన్ జరగనంత మాత్రాన ఆ బేరం అధర్మం కాదు. నోటరీ మీద కొన్న ప్రతి ఇల్లూ హరామ్ అని మేము చెప్పడం లేదు. 2023లో ప్రభుత్వం నోటరీ కాగితాల మీదున్న ఇళ్ళ క్రమబద్ధీకరణకు ఉత్తర్వులిచ్చింది కూడా. అసలు ప్రశ్న కాగితం వెనుక ఉన్న మనిషి గురించి. అతనికి ఆ భూమి ఎక్కడి నుండి వచ్చింది? తన వద్ద లేనిదాన్ని అమ్మవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి)కి ఆజ్ఞాపించారు. హక్కు లేనివాడు అమ్మితే, అసలు సొంతదారుడు అంగీకరించేవరకు ఆ బేరం అమలులోకి రాదని హనఫీ ఫిఖ్హ్ చెబుతుంది. ఒకే ప్లాటును ఇద్దరు ముగ్గురికి అమ్మడం, లేఅవుటులో పార్కు కోసం వదిలిన జాగాను అమ్మడం ఈ కోవలోకే వస్తాయి.

చెరువు ఎవరిది?

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కురిసిన కుండపోత వానలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. బాలాపూర్ దగ్గరి గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబా నగర్ ఇళ్ళలోకి నీరు వచ్చింది. జల్‌పల్లి పరిధిలో బుర్హాన్ ఖాన్ చెరువు దగ్గరున్న ఉస్మాన్ నగర్‌లో ఎన్నో ఇళ్ళు నెలల తరబడి నీటిలోనే ఉన్నాయి. బతుకంతా కూడబెట్టి కట్టుకున్న ఇళ్ళకు తాళాలు వేసి ఆ కుటుంబాలు మళ్ళీ అద్దె ఇళ్ళకు వెళ్ళాయి. వారి దుఃఖాన్ని చూసి వారినే తప్పుపట్టడం విశ్వాసి లక్షణం కాదు. కాని దాని నుండి గుణపాఠం నేర్చుకోకపోవడం కూడా వివేకం కాదు.

నీరు, పచ్చిక, నిప్పులలో ప్రజలందరూ భాగస్వాములని హదీసు తెలుపుతుంది. హజ్రత్ అబ్యజ్ బిన్ హమ్మాల్ (రజి) కోరగా దైవప్రవక్త (స) మారిబ్‌లోని ఉప్పు జాగాను ఆయనకు ఇచ్చారు. అది ఎడతెగక పారే నీటిలాంటిదని ఒక సహచరుడు తెలియజేయగానే దానిని వెనక్కి తీసుకున్నారు. ప్రజలందరి అవసరం ముడిపడి ఉన్నదానిని ఒకరి సొత్తుగా చేయరాదని ధర్మవేత్తలు దీని నుండి గ్రహించారు. చెరువు కూడా ఇలాంటిదే.

కొన్ని శిఖం భూములకు పట్టాదారులు ఉంటారన్నది నిజమే. నీరు తగ్గినప్పుడు అక్కడ సాగు చేసుకోవచ్చు. నీటి దారికి అడ్డంగా ఇల్లు కట్టే హక్కు దానితో రాదు. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దును ఎఫ్.టి.ఎల్. అంటారు. పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు ఆ హద్దు నుండి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్‌గా వదలాలని 2012 నాటి భవన నిబంధనలు చెబుతున్నాయి. హలాల్ స్పష్టం, హరామ్ స్పష్టం, నడుమ సందేహాస్పదమైనవి ఉన్నాయని చెబుతూ దైవప్రవక్త (స), నిషేధిత పచ్చిక బయలు అంచున పశువులను మేపే కాపరిని ఉదాహరణగా చూపారు. అతని పశువులు ఏ క్షణంలోనైనా లోపలికి వెళ్ళవచ్చు. చెరువు అంచున ప్లాటు చూసేవారు ఆ కాపరిని గుర్తు చేసుకోవాలి.

ఇక్కడ నష్టపోయేది కొన్నవాడొక్కడే కాదు. మనం మట్టి పోసి ఎత్తు చేసుకున్న ప్లాటు నుండి మళ్ళిన నీరు పక్క గల్లీలో ఉన్న వితంతువు ఇంట్లోకి పోతుంది. ఆమెకు కలిగిన నష్టంలో మన వాటా ఎంత? ఈ లెక్క మనం ఇక్కడ వేసుకోకపోతే అక్కడ వేయబడుతుంది.

వక్ఫ్ భూమి

పహాడీ షరీఫ్ దర్గా చుట్టుపక్కల, నగరం అంచుల్లో వక్ఫ్ భూములు ఉన్నాయి. ఖైబర్‌లో తనకు లభించిన శ్రేష్ఠమైన భూమిని ఏం చేయమంటారని హజ్రత్ ఉమర్ (రజి) అడిగినప్పుడు, అసలును ఆపి ఉంచి ఫలాన్ని దానం చేయమని దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు. దానిని అమ్మరాదు, బహుమతిగా ఇవ్వరాదు, వారసత్వంగా పంచరాదు అన్న షరతుపై ఆయన దానిని వక్ఫ్ చేశారు. వక్ఫ్ చేసిన వ్యక్తి ఈనాడు లేచి వచ్చి ఫిర్యాదు చేయలేడు. అందులో హక్కున్న పేదలకు తమ హక్కు సంగతే తెలియదు. అడిగేవాడు లేడు గనుక ఇది తేలికైన ఆక్రమణ అని కొందరు భావిస్తారు. అడిగేవాడు అల్లాహ్ అని మరచిపోతారు. వక్ఫ్ భూములు పోతున్నాయని సభల్లో ఆవేదన వెలిబుచ్చే మనమే చవకగా వస్తుందని అందులో ప్లాటు కొంటే, ఆ ఆవేదనకు అర్థమేముంది?

పేదవాడు ఏం చేయాలి?

"అందరూ కొంటున్నారు. మాకు ఇంతకన్నా స్తోమత లేదు. పిల్లలతో రోడ్డు మీద ఉండమంటారా?" అని కొందరు అడుగుతారు. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. అగత్యం నిషిద్ధాన్ని సడలిస్తుందని ఫిఖ్హ్ స్వయంగా చెబుతుంది. అయితే అగత్యం ఇతరుని హక్కును రద్దు చేయదన్న నియమాన్ని కూడా అదే ఫిఖ్హ్ చెప్పింది. ఆకలితో ప్రాణం పోయే స్థితిలో ఉన్నవాడు ఇతరుని అన్నం తినవచ్చు. పాపం ఉండదు. కాని దాని వెల అతనిపై బాకీగా ఉంటుంది. పైగా అద్దె ఇల్లు దొరుకుతున్నంతవరకు సొంత ఇల్లు అగత్యం కాదు, అవసరమే.

ప్రభుత్వ భూమి సంగతి కొంత వేరు. దాని విషయంలో నిర్ణయాధికారం ప్రభుత్వానిది. 2014 డిసెంబరులో వచ్చిన 58వ నంబరు ఉత్తర్వు ప్రకారం, అభ్యంతరం లేని ప్రభుత్వ భూమిలో 125 గజాల లోపు ఇల్లు కట్టుకున్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరించే వీలు కలిగింది. అలా న్యాయంగా లభించినది హలాలే. కాని వ్యక్తుల భూమిని, వక్ఫ్ భూమిని, చెరువును ఏ ముద్రా మనకు హలాల్ చేయదు.

ఇప్పటికే ఉంటున్నవారి సంగతి?

తెలియక కొన్నవాడు పాపాత్ముడు కాడు. మోసం చేసి అమ్మినవానిదే ఆ భారం. కాని తెలిసిన తర్వాత హక్కుదారుని హక్కు అలాగే నిలిచి ఉంటుంది. తన సొత్తును ఇతరుని వద్ద గుర్తించినవాడే దానికి ఎక్కువ హక్కుదారుడని, కొన్నవాడు తనకు అమ్మినవానిని పట్టుకోవాలని హదీసులో ఉంది. కనుక అసలు సొంతదారుడు తెలిస్తే అతనితో రాజీ చేసుకోవాలి. ధర చెల్లించి గాని, క్షమాపణ పొంది గాని బాధ్యత తీర్చుకోవాలి. సొమ్ము పుచ్చుకుని మోసగించినవాని వద్ద నుండి తిరిగి రాబట్టుకోవడం కొన్నవాని హక్కు. వక్ఫ్ భూమి అయితే సంబంధిత బోర్డును సంప్రదించాలి. ఒకేసారి చేయలేనివారు సంకల్పం చేసుకుని మెల్లమెల్లగా ప్రయత్నించాలి. అల్లాహ్ ఎవరిపైనా శక్తికి మించిన భారం మోపడు. ఒక్క పని మాత్రం ఎవరూ చేయకూడదు. విషయం తెలిశాక దానిని దాచి మరో అమాయకునికి అమ్మి బయటపడకూడదు. లోపం చెప్పి అమ్మిన బేరంలోనే శుభం ఉంటుందని, దాచితే ఆ శుభం తుడిచివేయబడుతుందని దైవప్రవక్త (స) తెలియజేశారు.

కొనే ముందు

ఇస్తిఖారా చేయడం మంచిదే. దానితోపాటు సర్వే నంబరు అడగడం కూడా ధర్మమే. కనీసం ముప్పై ఏళ్ళ లింకు డాక్యుమెంట్లు చూడండి. ఈ.సి. తీయించండి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద ఉన్న నిషేధిత జాబితాలో ఆ నంబరు ఉందేమో కనుక్కోండి. అందులో ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు ఉంటాయి. వక్ఫ్ గెజెట్‌ను, చెరువు హద్దుల పటాన్ని పరిశీలించండి. కరెంటు మీటరు, ఇంటి నంబరు, పన్ను రసీదు ఉన్నంత మాత్రాన యాజమాన్యం రుజువు కాదు. వానాకాలంలో ఒకసారి ఆ గల్లీకి వెళ్ళి పాత కాపురస్తులను అడగండి. మార్కెట్ ధరలో సగానికే వస్తుంటే ఎందుకని ప్రశ్నించండి.

ఈ బాధ్యత కొనేవానిది మాత్రమే కాదు. దలాలీ తీసుకునే సోదరుడు తాను చెప్పే ప్రతి మాటకూ అల్లాహ్ సన్నిధిలో జవాబుదారీ. మస్జిదు కమిటీలు చదువు రాని కుటుంబాల కాగితాలు చూసిపెట్టే ఏర్పాటు చేస్తే ఎన్నో సంసారాలు నిలబడతాయి. ఖతీబులు వడ్డీ గురించి చెప్పినంత గట్టిగా భూ ఆక్రమణ గురించి కూడా చెప్పాలి.

ఆక్రమించిన నేలపై చేసిన నమాజు చెల్లుతుంది గాని అది మక్రూహ్ అని హనఫీ ధర్మవేత్తలు అన్నారు. హంబలీలలో ప్రసిద్ధమైన అభిప్రాయం ప్రకారం అది చెల్లనే చెల్లదు. ప్రియ సోదర సోదరీమణులారా! మన ఇంట్లో రోజూ ముసల్లా పరచుకునే చోటు గురించే ధర్మవేత్తలు ఇంతగా చర్చించారంటే, గృహప్రవేశం రోజున ఖుర్ఆన్ ఖానీ చేయించడం కన్నా ముందు ఈ నేల ఎవరిదని విచారించడం ఎంత అవసరమో ఆలోచించండి. ఇల్లు కాస్త చిన్నదైనా, కాస్త ఆలస్యమైనా, ఎవరి హక్కూ కింద నలగని నేలపై నిలిచిన ఇంట్లోనే నిజమైన ప్రశాంతత లభిస్తుంది.

అల్లాహ్ మనందరికీ ధర్మసమ్మతమైన, శుభప్రదమైన నివాసాన్ని ప్రసాదించుగాక! ఇతరుల హక్కుల విషయంలో మనల్ని కాపాడుగాక! ఆమీన్.